మెట్టతామర ఆకు, స్టాఫ్ ప్లేటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తామర, సెగగడ్డలు, శోభి మచ్చలు, చీము పట్టిన మొటిమలు: వీటికి కారణమైన సూక్ష్మజీవుల మీద మూలికల సారం పనిచేస్తుందో లేదో ల్యాబులో ఎలా తేల్చాలో అడగమని కిందటి నెల కోరాం. చెన్నైలోని తెలుగు పాఠకులే ఎక్కువగా రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. ముందు నాలుగు మాటలు: క్రిములను పెంచే జెల్లీ అగర్, అందులో మందు పోయడానికి కోసిన గుంట వెల్, మందు చుట్టూ క్రిములు పెరగని ఖాళీ వలయం జోన్, స్టాఫ్ అంటే స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా.

ప్రశ్న: మెట్టతామర ఆకు ఇథనాల్ ఎక్స్‌ట్రాక్ట్‌ని స్టాఫిలోకాకస్ ఆరియస్ మీద వెల్ పద్ధతిలో పెట్టాను. మి.లీ.కి 100 మి.గ్రా. చొప్పున, వెల్‌కి 100 మైక్రోలీటర్లు. మొదటిసారి 22 మి.మీ. జోన్ వచ్చింది. వారం తర్వాత అదే సీసా, అదే కల్చర్, 14 మి.మీ. మాత్రమే! థీసిస్‌లో పెద్ద అంకె వేసుకోవచ్చా?
(ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ విద్యార్థిని, తాంబరం)

జవాబు: వద్దమ్మా. రెండు అంకెలూ రికార్డులో రాసి, తేడా ఎక్కడ పుట్టిందో వెతకండి. 8 మి.మీ. తేడా ఊరికే రాదు.

ముందు అగర్ మందం చూడండి. ముల్లర్ హింటన్ అగర్ ప్లేటులో 4 మి.మీ. ఉండాలి. 90 మి.మీ. ప్లేటుకు 25 మి.లీ. పోస్తే సుమారుగా అంతే వస్తుంది. కంటి అంచనాతో పోస్తే ఒక ప్లేటు 3 మి.మీ., ఇంకోటి 6 మి.మీ. అవుతుంది. పలచటి అగర్‌లో మందు కిందికి దిగే చోటు లేక పక్కలకు పాకి జోన్ పెద్దదిగా కనిపిస్తుంది. మందంగా ఉంటే కుంచించుకుపోతుంది. బల్ల వాలుగా ఉంటే ఒకే ప్లేటులో ఒక వైపు పెద్ద జోన్, ఇంకో వైపు చిన్న జోన్ వస్తాయి. కొలిచి పోయండి, సమంగా ఉన్న బల్ల మీద గడ్డకట్టనివ్వండి.

తర్వాత ఇనాక్యులమ్, అంటే ప్లేటు మీద పూసే క్రిముల ద్రవం. 18 నుంచి 24 గంటల వయసున్న కల్చర్‌ని సెలైన్‌లో కలిపి 0.5 మాక్‌ఫర్లాండ్ మబ్బుతనానికి తేవాలి. అంటే మి.లీ.కి దాదాపు 15 కోట్ల కణాలు. ఆ ప్రమాణాన్ని ల్యాబులోనే తయారు చేసుకోవచ్చు: 1.175% బేరియం క్లోరైడ్ 0.5 మి.లీ., 1% సల్ఫ్యూరిక్ ఆమ్లం 99.5 మి.లీ. కలిపి, స్క్రూ మూత ట్యూబుల్లో పోసి చీకట్లో ఉంచండి. వాడే ముందు బాగా కుదపండి, అడుగున తెల్లటి పొడి దిగి ఉంటుంది. స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే 625 నానోమీటర్ల దగ్గర 0.08 నుంచి 0.13 మధ్య రావాలి. కలిపిన 15 నిమిషాల్లోపే స్వాబ్ చేసేయాలి. ఆలస్యమైతే కణాల లెక్క మారిపోయి జోన్ కొలతను నమ్మలేం. స్వాబ్‌ని ట్యూబు గోడకు నొక్కి పిండకపోతే ప్లేటు మీద నీటిచాళ్లు నిలుస్తాయి, అంచులు చెదిరిపోతాయి.

వెల్‌ని కూడా అనుమానించండి. 6 మి.మీ. బోరర్‌తో కోసి అగర్ బిళ్లను పైకి లాగేటప్పుడు చుట్టూ ఉన్న అగర్ ప్లేటు అడుగు నుంచి కొంచెం లేస్తుంది. పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. ప్లేటు బోర్లించి వెలుతురుకు పెడితే వెల్ చుట్టూ వెండిపొరలాంటి మెరుపు కనిపిస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్ ఆ సందులోంచి కిందికి జారి పాకుతుంది. అలాంటి జోన్‌కి అంచు ఉండదు, రంగుమరక ఉంటుంది. ప్రతి వెల్ అడుగునా కరిగిన అగర్ ఒక చుక్క వేసి మూసేస్తే ఈ బెడద పోతుంది.

ఇక "అదే సీసా" అన్న మాట దగ్గరే మా అసలు అనుమానం. ఎక్స్‌ట్రాక్ట్‌ని కరిగించడానికి మామూలుగా వాడే డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) 18.5 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన సీసా బయటికి తీసి సగం కరగగానే పైన ఉన్నది పిపెట్‌తో తీస్తే మందు తక్కువగా వస్తుంది, మిగతాదంతా అడుగున గోధుమరంగు గసిలా ఉండిపోతుంది. గది వేడికి పూర్తిగా తెచ్చి, వోర్టెక్స్ మీద రెండు నిమిషాలు తిప్పి, సీసా వంచి అడుగు చూశాకే తీయండి. ఇంకా మంచి పద్ధతి, మొదట్లోనే చిన్నచిన్న గోధుమరంగు వయల్స్‌లో సర్ది, ఒక్కో పరీక్షకు ఒక్కోటి వాడడం.

ప్రతి ప్లేటులోనూ రెండు కాపలాలు (పోల్చి చూసుకునే కంట్రోల్స్) ఉండాలి. ఒకటి మందు లేని డీఎంఎస్‌ఓ, అంతే 100 మైక్రోలీటర్లు. రెండోది జెంటామైసిన్ 10 మైక్రోగ్రాముల డిస్క్. మీ కల్చర్ ఏటీసీసీ 25923 అనే ప్రామాణిక స్టాఫ్ రకం అయితే ఆ డిస్క్ చుట్టూ 19 నుంచి 27 మి.మీ. మధ్య రావాలి. రాకపోతే ఆ ప్లేటులో మీ ఆకు ఎంత చూపించినా లెక్కలోకి రాదు. మూడు ప్లేట్లు, మూడు వేర్వేరు రోజులు, అప్పుడు సగటు.

జోన్ ఎంత బాగా వచ్చినా ఇంకో లెక్క వేసుకోవాలి. మీ వెల్‌లో పడింది 10 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్. డిస్క్‌లో ఉన్నది 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్. వెయ్యి రెట్లు తేడా. "మా ఆకు జెంటామైసిన్‌తో సమానం" అని జోన్లు పక్కపక్కన పెట్టి రాసే వాక్యం ఎన్ని థీసిస్‌లలో కనిపిస్తుందో! అది రాయకండి. డిస్క్ పద్ధతిని 1966లో కిర్బీ, బావర్ బృందం ప్రామాణికం చేసింది శుద్ధమైన యాంటీబయోటిక్స్ కోసం. అగర్‌లో ఎంత వేగంగా పాకుతాయో తెలిసిన మందులవి. ఆకు సారంలో వందల పదార్థాలుంటాయి, ఒక్కోటి ఒక్కో వేగంతో పాకుతుంది. జోన్ "ఏదో ఉంది" అని మాత్రమే చెబుతుంది. ఎంత ఉందో తేల్చాలంటే ఎంఐసి (పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) చేయాలి. దాని గురించి కింద రాశాం.

ప్రశ్న: చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు నాటుమందుల దుకాణంలో "సీమై అగత్తి" అని అడిగి ఎండిన ఆకు తెచ్చాను. ఇంట్లో పెద్దవాళ్లు అది అవిసె ఆకే కదా, కూరకు వాడతాం అంటున్నారు. పరీక్షకు పనికొస్తుందా?
(బి.ఫార్మసీ విద్యార్థి, పోరూరు)

జవాబు: పేర్ల దగ్గరే ఈ పని చాలామందికి చెడుతుంది. తమిళంలో అగత్తి, మనకు అవిసె: సెస్బానియా గ్రాండిఫ్లోరా. తమిళంలో సీమై అగత్తి, మనకు సీమ అవిసె లేక మెట్టతామర: సెన్నా అలాటా. రెండూ చిక్కుడు కుటుంబానివే అయినా పూర్తిగా వేరు మొక్కలు. మెట్టతామర ఈనెకు ఇరువైపులా ఉండే చిట్టి ఆకులు చేతివేళ్లంత పొడుగు, పసుపు పూలు కొవ్వొత్తుల్లా నిటారుగా నిలబడతాయి. తామరకు పేరున్నది దీనికే. రైన్, అలో ఎమోడిన్, క్రైసోఫనాల్ లాంటి ఆంత్రాక్వినోన్లు ఇందులో ఉన్నాయి. అవిసె అనగానే అవిసె గింజలు ఇచ్చే దుకాణాలు కూడా ఉన్నాయి, అది మూడో మొక్క.

నలిగిన ఎండుటాకును చూసి ఇదే అని ఎవరూ చెప్పలేరు. పూతతో ఉన్న కొమ్మను మీరే కోసి, పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి, కోసిన చోటు, తేదీ రాసి, వృక్షశాస్త్ర విభాగంలో గుర్తింపు చేయించి హెర్బేరియం నంబరు తీసుకోండి. ఆ నంబరు లేని ఆకు మీద ఏడాది పని చేసినా, పేపరు పంపినప్పుడు మొదటి ప్రశ్న అదే వస్తుంది.

పసుపులోనూ ఇదే తంటా. కస్తూరి పసుపు అని అడిగితే వేరే దుంప పొడి చేతిలో పెట్టడం మామూలే. పొడిగా ఎప్పుడూ కొనకండి, కొమ్ముగా కొనండి.

ప్రశ్న: ఆకును నీడలోనే ఎండబెట్టాను. నవంబరు వానలకు బూజు పట్టింది. ఆ భాగం తీసేసి మిగతాది వాడొచ్చా? సాల్వెంట్ ఏది మంచిది? ఎక్స్‌ట్రాక్ట్ జిగటగా అయిపోయి తూకానికి అందడం లేదు.
(పరిశోధక విద్యార్థి, గిండీ)

జవాబు: మొత్తం పారేయండి. కంటికి కనిపించే బూజు కొసరు మాత్రమే. ఆకు తిప్పి మధ్య ఈనె పక్కన చూస్తే బూడిదరంగు నూలుపోగులు అల్లుకుని ఉంటాయి. ఆ బూజులు తామే యాంటీబయోటిక్స్ తయారు చేయగలవు. రేపు మీకు జోన్ వస్తే అది ఆకుదా బూజుదా అన్నది తేల్చలేరు.

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీడలో ఆరబెట్టడం మీద ఆశ పెట్టుకోకండి. ఆకును కుళాయి నీటిలో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, గుడ్డ మీద ఒక్క వరుసగా పరిచి ఫ్యాన్ కింద ఒక పూట ఉంచండి. ఆ తర్వాత హాట్ ఎయిర్ ఓవెన్‌లో 40 డిగ్రీలు దాటకుండా రెండు రోజులు. ఆకు పెళపెళలాడగానే తీసేయకండి, ఈనెను విరవండి. టక్కున విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకా నీరుంది. రెండుసార్లు వరసగా తూచినా బరువు మారకూడదు. తులసి లాంటి వాసన ఆకులకు 40 డిగ్రీలు కూడా ఎక్కువే, ఆవిరయ్యే నూనెలే అందులో పనిచేసేవి.

50 గ్రాముల పొడికి 500 మి.లీ. సాల్వెంట్ పోయండి. మూత బిగించి షేకర్ మీద 72 గంటలు ఉంచి, వాట్‌మన్ నంబర్ 1 కాగితంతో వడకట్టి, అదే పిప్పికి మళ్లీ కొత్త సాల్వెంట్ పోసి ఇంకోసారి తీయండి. ఏ సాల్వెంట్ అన్నది మీరు వెతికే పదార్థం మీద ఆధారపడుతుంది. హెక్సేన్ కొవ్వునీ మైనాన్నీ, ఇథైల్ అసిటేట్ మధ్యరకం వాటిని, ఇథనాల్, మిథనాల్ ఫినాల్‌లనీ ఫ్లేవనాయిడ్‌లనీ లాగుతాయి. నీటిలోకి చక్కెరలు, టానిన్లు, సపోనిన్లు దిగుతాయి. ఏం వెతుకుతున్నారో ఇంకా తెలియకపోతే 70% ఇథనాల్‌తో మొదలుపెట్టండి. నీటిలో కరిగేవీ, కొంతవరకు కరగనివీ రెండూ వస్తాయి, మిగిలిన సాల్వెంట్ కూడా మిథనాల్ అంత ప్రమాదం కాదు. సాక్స్‌లెట్ (వేడి సాల్వెంట్‌తో సారం తీసే గాజు పరికరం) తొందరగా లాగేస్తుంది గానీ గంటల తరబడి మరిగిస్తుంది. వేడికి చెడే పదార్థం ఉంటే అది ప్లేటు దాకా రాదు.

జిగటకు రెండు కారణాలు. రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర ఇథనాల్ పోయినా నీరు పోలేదు. లేదా ఆకులోని చక్కెరలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటున్నాయి. ఫ్రీజ్ డ్రయర్ దొరికితే ఒక రాత్రి పెట్టండి. దొరక్కపోతే ముందే తూచిన గాజు పళ్లెంలో పలచగా పరిచి, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో బరువు నిలిచేదాకా ఉంచండి. పళ్లెం బరువు తీసేస్తే ఎక్స్‌ట్రాక్ట్ బరువు. 50 గ్రాములకు 6 గ్రాములు వచ్చిందనుకోండి, యీల్డ్ 12%. ఈ అంకె తప్పక రాయాలి. సాల్వెంట్ మిగిలిన ఎక్స్‌ట్రాక్ట్‌లో సాల్వెంట్ కూడా క్రిములను చంపుతుంది, బరువునూ తప్పుగా చూపిస్తుంది.

ఎక్స్‌ట్రాక్ట్‌ని ఆటోక్లేవ్ చేయకండి. 0.22 మైక్రాన్ సిరంజి ఫిల్టర్‌తో వడకట్టండి. డీఎంఎస్‌ఓలో కరిగించినదైతే సెల్యులోజ్ నైట్రేట్, సెల్యులోజ్ అసిటేట్ ఫిల్టర్లు వాడొద్దు, డీఎంఎస్‌ఓ వాటినే కరిగించేస్తుంది. పీటీఎఫ్‌ఈ తీసుకోండి.

ప్రశ్న: 96 గుంటల ప్లేటులో ఎంఐసి చేస్తున్నాను. రెసజురిన్ వేయగానే ఎక్స్‌ట్రాక్ట్ ఎక్కువున్న గుంటలే ముందు గులాబీ రంగుకు మారుతున్నాయి, తక్కువున్నవి నీలంగా ఉంటున్నాయి. తలకిందులుగా ఎందుకు?
(ల్యాబ్ టెక్నీషియన్, తరమణి)

జవాబు: బతికిన కణాలు రెసజురిన్‌ని నీలం నుంచి గులాబీకి మారుస్తాయి. కానీ ఆ మార్పు తేవడానికి కణాలే అక్కర్లేదు. ఉసిరి, కరక్కాయ, దానిమ్మ తొక్క లాంటి వాటి ఎక్స్‌ట్రాక్ట్‌లోని ఫినాల్‌లు తమంతట తామే ఆ రంగును మార్చగలవు. మీ ప్లేటులో జరిగింది అదే అయ్యుండాలి. బ్యాక్టీరియా లేకుండా ఎక్స్‌ట్రాక్ట్, బ్రాత్ (క్రిములను పెంచే ద్రవం), రంగు మాత్రమే వేసిన వరుస ఒకటి పక్కనే పెట్టి ఉంటే ఐదు నిమిషాల్లో బయటపడేది. తక్కువున్న గుంటలు నీలంగా ఉండిపోయాయంటే రంగు వేసి చాలాసేపు కాలేదేమో చూడండి. పెరుగుదల కాపలా గుంట గులాబీకి వచ్చేదాకా ఆగాలి.

మొత్తం అమరిక ఇలా పెట్టండి. డీఎంఎస్‌ఓలో మి.లీ.కి 200 మి.గ్రా. స్టాక్ చేసుకోండి. అందులోంచి 20 మైక్రోలీటర్లు తీసి 980 మైక్రోలీటర్ల ముల్లర్ హింటన్ బ్రాత్‌లో కలపండి. ఇప్పుడు మి.లీ.కి 4 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్, 2% డీఎంఎస్‌ఓ. ఈ దశలోనే తెల్లగా విరిగి మడ్డి దిగితే ఆగిపోండి, కరగని మందుకు ఎంఐసి లేదు. స్టాక్ బలం సగం చేసి మళ్లీ చూడండి.

2 నుంచి 10వ గుంట దాకా 100 మైక్రోలీటర్ల బ్రాత్. మొదటి గుంటలో 200 మైక్రోలీటర్ల ఎక్స్‌ట్రాక్ట్. అందులోంచి 100 తీసి రెండో దాంట్లో కలిపి, అక్కడి నుంచి 100 మూడో దాంట్లోకి, అలా పదో గుంట దాకా వెళ్లి చివరి 100 పారేయండి. ప్రతి గుంటకీ టిప్ మార్చండి. మార్చకపోతే టిప్‌కి అంటిన జిగట ఎక్స్‌ట్రాక్ట్ కింది గుంటల్లోకి చేరి, ఎంఐసి ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. 11వది 2% డీఎంఎస్‌ఓ కలిపిన బ్రాత్‌తో పెరుగుదల కాపలా. 12వది ఏ క్రిమీ వేయని బ్రాత్.

0.5 మాక్‌ఫర్లాండ్ ద్రవాన్ని 150 రెట్లు పలచన చేయండి: 100 మైక్రోలీటర్లకు 14.9 మి.లీ. బ్రాత్. మి.లీ.కి 10 లక్షలవుతుంది. 1 నుంచి 11 దాకా గుంటకు 100 మైక్రోలీటర్లు వేస్తే చివరికి మి.లీ.కి 5 లక్షల కణాలు, మందు సగమై 2 మి.గ్రా. నుంచి మొదలవుతుంది, డీఎంఎస్‌ఓ 1%కి దిగుతుంది. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు. అంచు గుంటలు ఎండిపోకుండా తడి దూది పెట్టిన డబ్బాలో ప్లేటు ఉంచండి.

తర్వాత 0.015% రెసజురిన్, గుంటకు 30 మైక్రోలీటర్లు, రెండు నుంచి నాలుగు గంటలు. రంగే మోసం చేస్తుంటే రెసజురిన్ మానేసి, ప్రతి గుంట నుంచి 10 మైక్రోలీటర్లు తీసి మందు లేని అగర్ మీద చుక్కలుగా పెట్టండి. మరునాడు ఏ చుక్కలో పెరుగుదల లేదో చూస్తే ఎంబిసి కూడా తెలుస్తుంది: మొదట వేసిన కణాల్లో 99.9% చచ్చిన అతి తక్కువ మోతాదు. ఎంబిసి, ఎంఐసికి నాలుగు రెట్లలోపు ఉంటే చంపుతోందని, అంతకంటే దూరంగా ఉంటే పెరగకుండా ఆపుతోందని అర్థం.

శుద్ధి చేయని ఎక్స్‌ట్రాక్ట్‌కి ఎంఐసి మి.లీ.కి 100 మైక్రోగ్రాముల లోపు వస్తే సంతోషించాల్సిందే, దాన్ని విడదీసే పనికి దిగండి. 1 మి.గ్రా. దాటితే మాత్రం ఆ ఆకును పక్కన పెట్టే ధైర్యం ఉండాలి.

ప్రశ్న: వేప, కుప్పింటాకు, పసుపు వేసి ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతున్నాను. ఒక ల్యాబులో ఇస్తే కాండిడా మీద 18 మి.మీ. జోన్ వచ్చిందని "యాంటీఫంగల్" రిపోర్టు ఇచ్చారు. "తామరకు మందు సబ్బు" అని అట్ట మీద వేయించుకోవచ్చా అండీ?
(గృహిణి, విల్లివాక్కం)

జవాబు: వేయించకండమ్మా. మీ కష్టాన్ని తక్కువ చేయడం కాదు, మీ రిపోర్టు ఆ మాట చెప్పడం లేదు.

కాండిడా ఈస్ట్ జాతిది. తామర తెచ్చేవి ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరమ్, ఎపిడెర్మోఫైటాన్ అనే బూజులు, చర్మంలోని కెరటిన్‌ని తిని బతుకుతాయి. ఒకదాని మీద వచ్చిన ఫలితం ఇంకోదానికి చెల్లదు. రెండోది, సబ్బు ద్రావణం తనే జోన్ ఇస్తుంది, దాని క్షారగుణానికి, నురుగుకు కణాల పొరలు దెబ్బతింటాయి. ఆకులు వేయకుండా అదే నూనెతో, అదే కాస్టిక్ కొలతతో చేసిన ఖాళీ సబ్బు పక్కన పెట్టారా అని ల్యాబును అడగండి. పెట్టకపోతే 18 మి.మీ.లో మీ వేపాకు వాటా ఎంతో ఎవరికీ తెలియదు. మూడోది, సబ్బు చర్మం మీద ఉండేది ఒకటి రెండు నిమిషాలు, ప్లేటు మీద ఉన్నది ఒక రోజు పైగా.

తామరకే పరీక్ష చేయించాలంటే ట్రైకోఫైటాన్ రూబ్రమ్, ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్ మీద చేయించండి. ఇవి మెల్లగా పెరుగుతాయి. పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్ మీద 28 నుంచి 30 డిగ్రీల్లో వారం పది రోజులు పెంచి, బీజాలను సెలైన్‌తో గీకి తీసి, నూలుపోగులు రాకుండా వడకట్టి, హీమోసైటోమీటర్ కింద లెక్కపెట్టి, మి.లీ.కి వెయ్యి నుంచి మూడు వేల దాకా ఉండేలా వేయాలి. 35 డిగ్రీల్లో నాలుగు రోజులు ఉంచి చూస్తారు. మర్నాడే రిపోర్టు ఇచ్చామని ఎవరైనా అంటే అది తామర బూజు మీద చేసింది కాదు. కాపలాగా టెర్బినఫిన్, ఇట్రాకోనజోల్ రెండూ పెట్టమనండి. టెర్బినఫిన్‌కి లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం మన దేశంలో బాగా పాకింది, 2020లో దానికి ఆ పేరు పెట్టారు. స్టెరాయిడ్ కలిపిన కలగాపులగం క్రీములు కొన్నాళ్లు రాసి మానేసినవాళ్లలో తామర మొండికెత్తడం చర్మవైద్యులు రోజూ చూస్తున్నారు. మీ దగ్గర కొనేవాళ్లలోనూ అలాంటివాళ్లుంటారు. సబ్బు నమ్ముకుని వాళ్లు ఇంకో రెండు నెలలు ఆలస్యం చేస్తే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది.

చట్టం సంగతి: స్నానపు సబ్బు అమ్మకానికి తయారు చేయడానికే కాస్మెటిక్ లైసెన్సు కావాలి. రోగం నయమవుతుందని అట్ట మీద రాయగానే అది మందు కింద లెక్క, ఆయుర్వేద లేదా సిద్ధ మందుల లైసెన్సు వేరే తీసుకోవాలి.

ప్రశ్న: తరతరాలుగా వేపనూనె, వేపాకు ముద్ద గజ్జికి, పుండ్లకు వాడుతున్నాం. గుణం కళ్లారా చూశాం. కాలేజీ పిల్లలు పరీక్ష చేసి "జోన్ లేదు, పనిచేయదు" అన్నారు. ఎవరిది తప్పు?
(వంశపారంపర్య వైద్యులు, వ్యాసర్పాడి)

జవాబు: వైద్యులు గారూ, ఆ ప్లేటు నుంచి "పనిచేయదు" అన్న మాట రాదు. నూనె నీటి అగర్‌లో పాకదు, వెల్‌లోనే కూర్చుంటుంది. జోన్ రాకపోవడానికి అదొక్కటే చాలు. వేపనూనెను, నూనెను నీటిలో కలిపే ట్వీన్ 80 అనే పదార్థంతో (0.5%) చిలికి బ్రాత్‌లో కలిపి ఎంఐసి చేయాలి, ట్వీన్ మాత్రమే వేసిన గుంటను కాపలాగా పెట్టాలి. పసుపు సంగతీ అంతే: కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, వెలుతురుకు చెడిపోతుంది.

ఇక గజ్జి. అది బ్యాక్టీరియా కాదు, బూజు కాదు. చర్మంలో సొరంగాలు తవ్వే సార్కాప్టిస్ అనే కంటికి ఆనని పురుగు. స్టాఫ్ ప్లేటు మీద గజ్జి మందును పరీక్షించడమే పొరపాటు. గోకిన చోట స్టాఫ్, స్ట్రెప్టోకాకస్ చేరి చీము పడితే, ఆ చీముకు మాత్రం ఈ ప్లేటు మాట్లాడగలదు. స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్‌కి 5% గొర్రె రక్తం కలిపిన అగర్, 5% కార్బన్ డయాక్సైడ్ కావాలి. మామూలు అగర్ మీద సరిగా పెరగక ఖాళీగా కనిపించే ప్లేటును మందు గొప్పతనంగా చదివేస్తారు.

అదే సమయంలో, కళ్లారా చూసిన గుణం కూడా పరీక్షకు నిలబడాలి. చిన్న సెగగడ్డలు చాలావరకు వాటంతటవే పగిలి మానతాయి, మందు రాసినా రాయకపోయినా. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, ఈ ఊళ్లోనే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తర్వాత అమెరికాలో లెడర్లే మందుల కంపెనీ పరిశోధనలకు సారథి అయ్యారు. 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వచ్చింది అక్కడి నుంచే. అది దొరికింది మట్టిలోని సూక్ష్మజీవిలో. ఎక్కడి నుంచి వచ్చినా దాన్ని నిలబెట్టింది కొలతే. మీ యోగాలకూ ఆ కొలత దక్కాలని మా కోరిక. ఆకు, పాళ్లు, ఎంతసేపు నూరారు, ఏ నూనె, ఎన్ని రోజులు రాశారు, ఎంతమందికి తగ్గలేదు: ఇవి రాసి ఆ పిల్లలకు ఇవ్వండి.

జ్వరం వచ్చినా, ఎర్రదనం గంటగంటకీ పాకుతున్నా, రోగికి మధుమేహం ఉన్నా ముద్దలు కట్టకుండా ఆసుపత్రికి పంపండి. గజ్జి పుండ్ల తర్వాత పిల్లల ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా అదే రోజు చూపించాలి. స్ట్రెప్టోకాకస్ తర్వాత మూత్రపిండాలు దెబ్బతినడం ఉంది.

ప్రశ్న: మా ఎక్స్‌ట్రాక్ట్‌కి పేటెంటు వస్తుందా?
(ఇద్దరు ముగ్గురు అడిగారు)

జవాబు: "పసుపు పుండు మానుస్తుంది" అన్నదానికి 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది. వేపనూనెతో బూజు నివారణ మీద యూరప్ పేటెంటు 2000లో రద్దయింది, 2005లో అప్పీలు కూడా వీగింది. తెలిసిన వాడుకకు పేటెంటు లేదు. కొత్త పదార్థం వేరు చేసినా, కొత్త పద్ధతి కనిపెట్టినా దారి ఉంది. దరఖాస్తుకు ముందు జీవవైవిధ్య చట్టం నిబంధనలు చూసుకోండి. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ కార్యాలయం మన తరమణిలోనే ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి పదకొండో తరగతి. ప్రాజెక్టుకు మొటిమ చీము తీసి జెలటిన్ మీద పెంచి, వేప పసరు వేసి చూస్తానంటున్నాడు. ఇంట్లో చేయొచ్చా?
(ఒక తండ్రి, పెరంబూరు)

జవాబు: చీము మాత్రం వద్దండి. ప్లేటులో పెరిగితే కోట్లలో ఉంటుంది, అందులో మందులకు లొంగని స్టాఫ్ ఉండొచ్చు. వంటింట్లో దాన్ని చంపి పారేసే ఏర్పాటు ఉండదు. జెలటిన్ కూడా పనికిరాదు, చెన్నై వేడికి కరిగి నీరవుతుంది, కొన్ని క్రిములు దాన్నే తినేస్తాయి.

బదులుగా బేకరీ ఈస్ట్ వాడమనండి. అదీ శిలీంధ్రమే, ప్రమాదం లేనిది. 100 మి.లీ. గోరువెచ్చని నీటిలో 5 గ్రాముల చక్కెర, 3 గ్రాముల డ్రై ఈస్ట్ కలిపి, ఒకే సైజు చిన్న సీసాల్లో 20 మి.లీ. చొప్పున పోయాలి. ఒక సీసాలో ఏమీ వేయకుండా, మిగతావాటిలో 0.25, 0.5, 1 గ్రాము దాల్చినచెక్క పొడి వేసి, మూతికి బెలూన్ తొడగాలి. ఐదో సీసాలో ముందే మరిగించి చల్లార్చిన ఈస్ట్ ద్రావణం. బెలూన్లను అంతకుముందే ఒకసారి ఊది వదులు చేయాలి, లేకపోతే కొత్త రబ్బరు బిగుతే ఫలితాన్ని మింగేస్తుంది. 15 నిమిషాలకోసారి దారంతో చుట్టుకొలత తీసి, గంటన్నర పాటు రాసుకోవాలి. అన్నీ మూడేసి సార్లు చేయాలి. తర్వాత లవంగం, పసుపు, వేపాకు పొడితో ఇదే వరస. వేపకు బెలూన్ తగ్గకపోతే తగ్గలేదనే రాయమనండి, మార్కులు పోవు.